రాని వాసనకు ఊపిన తల

మా నెయ్యి కొట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త డబ్బా మూత కొనేవాళ్ళ ముందే తీయాలి. ఇంటి ఆడది అందులోంచి వేలితో కాస్త నెయ్యి తీసి, ఎడమచేతి వెనక రాసి, రుద్ది, వాసన చూసి తల ఊపాలి. అప్పటిదాకా గరిటె లోపల పడదు. మా అత్త అలాగే చేసేది, ఆమెకు ముందు ఆమె అత్త కూడా. మొఘల్‌పురాలో మా గల్లీ జనానికి ఇది ఎంత అలవాటంటే, పొద్దున్నే ఎంత తొందరున్నా గిన్నెలు పట్టుకుని నా తలకాయ వైపే చూస్తూ నిలబడేవారు. నా తల ఊగకపోతే ఆ డబ్బా వెనక్కి పోయినట్టే. "ముక్కా, మిషనా అది" అని మా ఆయన సణిగేవాడు. సణిగితే సణిగాడు. బోర్డు మీద పేరు ఆయనది, నమ్మకం నాది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ ఒక్క పని నాకంటే బాగా చేసేవాళ్ళు మా చుట్టాల్లోనే లేరు.

వెన్న చుట్టుపక్కల ఊళ్ళనుంచి వస్తుంది. కొట్టు వెనక గదిలో మేమే కాస్తాం. వెన్న తెచ్చే వ్యాపారుల్లో ఒకడు వనస్పతి కలిపేవాడు. ఎన్నిసార్లు మొత్తుకున్నా మానడు. మూడోసారి పట్టుకున్న రోజు వాడి డబ్బాలు వాడి ఆటోలోకే ఎక్కించి, మళ్ళీ మా గడప తొక్కితే ఊరుకోనని చెప్పి పంపించాను. గల్లీ అంతా నిలబడి చూసింది. ఆ తర్వాత కొన్నేళ్ళు వాడు మా వైపు రాలేదు.

అలాంటి నేను ఒకరోజు లాడ్ బజార్‌లో పడ్డాను. చుట్టాల పెళ్ళికి గాజులు కొని దుకాణం మెట్లు దిగుతుంటే బండివాడొకడు మీదికి వచ్చినట్టే వచ్చాడు. వెనక్కి జరగబోయి వెల్లకిలా పడ్డాను. తల వెనక భాగం మెట్టు అంచుకు కొట్టుకుంది. ఆసుపత్రిలో కుట్లు వేశారు, తలకు సీటీ తీశారు. లోపల రక్తం గడ్డకట్టలేదు, ముందువైపు కొంచెం కమిలింది, అదే తగ్గిపోతుంది, ఫికర్ లేదన్నారు. ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున లేచి, అలవాటు కొద్దీ మా ఆయన మీద గొంతు లేపాను. "ఏందయ్యా, గింత పొద్దెక్కింది, ఇంక పొయ్యి ముట్టియ్యలేదా? నేను నాల్గు దినాలు పండుకుంటే పని బందేనా?"

ఆయన గరిటె చేత్తో పట్టుకునే వెనక గదిలోంచి వచ్చాడు. "ఏం మాట్లాడుతున్నవే? సగం కాగింది. నీకు వాసన వస్తలేదా?"

వెళ్ళి చూస్తే కడాయిలో వెన్న నురగ విరిగి బంగారు రంగుకు తిరుగుతోంది. ముఖం ఆవిరిలో పెట్టాను. వేడి తగిలింది, అంతే. కాగుతున్న నీళ్ళ మీద ముఖం పెట్టినట్టుంది. ఇంగువ డబ్బా తెరిచాను. అగరొత్తి ముట్టించాను. ఆఖరికి మా ఆయన విప్పి పడేసిన చొక్కా తీసి ముక్కుకు పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ చెమట కంపుకు ఆయన్ని తిట్టని రోజు లేదు. ఆ రోజు ఆ కంపు రాలేదని కూలబడి ఏడ్చాను.

అన్నం తింటే ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, కారం మండుతుంది. పప్పు మాత్రం తెలియదు. మామిడిపండు తీపిగా ఉంటుంది, మామిడిపండులా ఉండదు. దీన్ని ఎవరికి చెప్పినా, "పాణం దక్కింది, సంతోషపడు" అంటారు. వాళ్ళకేం తెలుసు! కొట్లో డబ్బా మూత తీసి నా వైపు చూసే ముఖాలు నా కళ్ళ ముందు మెదిలేవి. ఇక ఏం చూసి తల ఊపాలి నేను?

ముక్కుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె మంచిది, విసుక్కోకుండా చెప్పింది. తల దెబ్బల తర్వాత కొందరికి ఇలా అవుతుందట, కొందరికి మెల్లగా తిరిగి వస్తుందట. ఇంట్లో సాధన చేయమంది. గులాబి అత్తరు, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం వేర్వేరు సీసాల్లో పెట్టుకుని, పొద్దున, సాయంత్రం కళ్ళు మూసుకుని పీల్చాలి. ఏదో చెప్పాలి. ఇంకొకరు సీసా పట్టుకుంటే మంచిదంది. "నేను పట్టుకుంట" అన్నాడు మా ఆయన వెంటనే. ఆ మాటకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

మొదట్లో నీలగిరి తైలం ఒక్కటే తెలిసేది. ముక్కులో చల్లగా చురుక్కుమనేది. మిగతావన్నీ గాలే. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆయన సీసా పెడితే, ఎందుకో గులాబి అనిపించి, "గులాబియా?" అన్నాను.

"అబ్బ! గులాబే! కరెక్ట్ చెప్పినవ్!"

కళ్ళు తెరిచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆ రోజు నుంచి రోజూ ఏదో ఒకటి సరిగ్గా చెప్పేదాన్ని. నిమ్మ అంటే నిమ్మే. లవంగం అంటే లవంగమే. ఒక్కోసారి తప్పు చెప్పాననేవాడు కూడా, నమ్మకం కలగడానికి. అది నాకు తర్వాత తట్టింది. పేరు నా నోట్లోంచి వచ్చాక ఆ వాసన లీలగా వచ్చినట్టే ఉండేది. మా అత్త కాచిన నెయ్యి వాసన, పెళ్ళిలో పన్నీరు వాసన, అన్నీ వచ్చినట్టే ఉండేవి. పిచ్చిదాన్ని, ఎంత మురిసిపోయానో.

మళ్ళీ కొట్లోకి వచ్చి కూర్చున్నాను. మా ఆయన నాకంటే ముందే గల్లీ అంతా చాటాడు, ఆమె ముక్కు తిరిగొచ్చిందని. మొదటి రోజు ఆయనే డబ్బా మూత తీశాడు. చేతి వెనక రాసుకుని, రుద్ది, పీల్చాను. ఆయన పక్కన నిలబడి, "కమ్మగుంది గదా?" అన్నాడు. కమ్మగానే అనిపించింది. తల ఊపాను. గిన్నెలు ముందుకు వచ్చాయి. ఆ రంజాన్‌కు మా పక్క గల్లీ ఆపా షీర్ ఖుర్మా పాయసం కోసం నెయ్యికి వచ్చింది. ఆమె మా అత్త కాలం నుంచి మా దగ్గరే కొంటుంది. మేమిద్దరం సగం ఉర్దూ సగం తెలుగులో గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళం. ఆమె కోసం కొత్త డబ్బా తీయించి, నేనే వాసన చూసి, "తీస్కపో ఆపా, నేను చూసిన" అని నిండుగా పోయించాను.

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఈ కథంతా సంతోషంగా చెప్పాను. ఆమె సంతోషించింది కానీ, ఏవో వాసన పుల్లలు తెచ్చి నా కళ్ళకు గంతలు కట్టి తనే పరీక్ష పెట్టింది. నేను టకటకా చెప్పాను. ఆమె అన్నీ రాసుకుంది. తలకు ఎంఆర్ఐ చేయిద్దామంది. మామూలుదే కాక, వాసన చూస్తుండగా మెదడు ఏం చేస్తుందో తీసేది కూడా ఒకటుందట. తలకు దెబ్బ తగిలి వాసన పోయినవాళ్ళకు అది తమ దగ్గర చేసి చూస్తున్నారట. నాకు ఇష్టమైతే అంది.

నాకు మస్తు ఇష్టం. వచ్చిన ముక్కును నలుగురికీ చూపించుకోవాలని నా ఆరాటం. మా ఆయనే అడ్డం పడ్డాడు. "ఎందుకే, మంచిగనే ఉన్నవు గద. ఆ మిషన్‌ల పండుకునుడు, లొల్లి... ఇడిచిపెట్టు." నేను భయపడతానని అంటున్నాడు కాబోలు అనుకున్నాను. నన్ను చూసుకునే మొగుడు దొరికాడని మళ్ళీ మురిశాను. మురవడం నాకు బాగా వచ్చు.

ఆ మిషన్‌లో పడుకోబెట్టి కదలొద్దన్నారు. బయట రోడ్డు తవ్వుతున్నట్టు ఒకటే మోత. ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టారు. అందులోంచి కాసేపు గులాబి, కాసేపు ఉత్త గాలి వదులుతారు. ఏది ఎప్పుడో చెప్పరు. వాసన వస్తే చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. నేను హుషారుగా నొక్కాను. గులాబి వచ్చింది, నొక్కాను. మళ్ళీ వచ్చింది, నొక్కాను. బయటికి వచ్చి, "మంచిగ చెప్పినా మేడమ్?" అని కూడా అడిగాను.

తర్వాత రమ్మన్న రోజు డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి బొమ్మలు చూపించింది. ముక్కు పైన ఎముకలో జల్లెడకు ఉన్నట్టు సన్నటి బెజ్జాలుంటాయట. వాసన మోసే నరాలు వాటిలోంచే మెదడులోకి పోతాయి. వెనక దెబ్బ తగిలితే మెదడు ముందుకు ఊగి ఆ కుదుపుకు అవి తెగిపోతాయి. వాటి పైన చెరొకవైపు చిన్న గుబ్బ ఉంటుంది. వేరేవాళ్ళ బొమ్మలో ఆ రెండు గుబ్బలూ స్పష్టంగా ఉన్నాయి. నా బొమ్మలో ఒకటి కనపడనే లేదు, రెండోది చితికిపోయిన బియ్యపుగింజలా ఉంది. వాటి పైన మెదడు అడుగు భాగంలో పాత దెబ్బ మచ్చ.

తర్వాత రెండో పరీక్ష బొమ్మలు. వాసన తెలిసినవాళ్ళకు గులాబి వదిలినప్పుడు మెదడులో కొన్ని చోట్ల నారింజ రంగు వెలిగింది. నాకు ఎక్కడా వెలగలేదు.

"మరి నేను బటన్ నొక్కిన గద?" అన్నాను.

"ఉత్త గాలి వచ్చినప్పుడు కూడా నొక్కారమ్మా." ఆమె చాలా నెమ్మదిగా చెప్పింది. "మీరు అబద్ధమాడారని కాదు. వస్తుందని గట్టిగా అనుకుంటే వచ్చినట్టే ఉంటుంది. నీలగిరి మాత్రం తెలుస్తుంది, అది వాసన కాదు, ముక్కులో చురుక్కుమనే స్పర్శ. దాని నరం వేరు. ఈ ఒక్క బొమ్మ పట్టుకుని నేను చెప్పట్లేదు. ఆ రోజు నేను పెట్టిన పరీక్షలో కూడా మీరు చెప్పినవి దాదాపు అన్నీ తప్పే. ఇన్ని నెలల తర్వాత కూడా ఇలా ఉందంటే, తిరిగి వచ్చే ఆశ చాలా తక్కువ."

"ఇంట్లో సీసాలు పట్టుకునేది ఎవరు?" అని అడిగింది.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

ఆటో చార్‌కమాన్ దాటింది. ఆయనే మొదలుపెట్టాడు. "ఏం చెయ్యాలె చెప్పు. నీ మొకం చూడలేకపోయిన. ఒక్కపారి కరెక్ట్ అన్న, చిన్నపిల్ల లెక్క నవ్వినవ్. మల్ల తప్పని ఎట్ల చెప్పాలె?"

నిజం చెప్తున్నాను, ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది. ఎంత మోసమైనా ప్రేమతో చేసిందే కదా అనుకున్నాను. ఇప్పుడు అది తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

మర్నాడు పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఆటో ఆగింది. నేను గడప తొక్కనివ్వని ఆ వ్యాపారే. ఇంట్లో మనిషిలా డబ్బాలు దించుతూ, నన్ను చూసి చేతులు జోడించాడు. మామూలుగా ఆ వేళకు నేను గుడిలో ఉంటాను. ఆ రోజు వెళ్ళబుద్ధి కాలేదు.

"నమస్తే అమ్మా! పాత లొల్లి మనసుల పెట్టుకోక మల్ల మా మాల్ తీసుకుంటున్నరు. మీరు మంచిగుందన్నరని సేట్ చెప్తే మస్తు ఖుషీ అయిన."

"ఎప్పటి సంది తీసుకుంటున్నం?"

వాడు బిత్తరపోయాడు. "రంజాన్‌కు ముంగట్నుంచి గదమ్మా. మీరే గద వాసన చూసి పాస్ చేస్తున్నరు?"

ముగ్గు సగంలోనే వదిలేశాను. లోపలికి వెళ్ళాను. మా ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోనే నా ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది. ఆసుపత్రి తిప్పలన్నాడు, మంచి వెన్న దొరకడం లేదన్నాడు, మొదట ఒక్కసారి తీసుకుందామనే అనుకున్నాడట.

"నీకు వాసన వస్తది గదా," అన్నాను. "నీ ముక్కు మంచిగనే ఉన్నది గదా. అది కల్తీదని తెలిసే నా చేతికి రాపిచ్చినవా? పక్కన నిలబడి కమ్మగుంది గదా అని నాతోనే అనిపిచ్చినవా?"

అప్పుడు ఆయనకూ కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం ముందు మన కోపం ఎందుకూ పనికిరాదు. "లొల్లి చెయ్యకే! జనం నీ ముక్కును చూస్తలేరు, నీ తలకాయను చూస్తున్నరు. తలకాయ ఊగుతున్నది. దుకాణం నడుస్తున్నది. నీకేం నష్టమైంది?"

నాకేం నష్టమైందట! సీసాలు పట్టుకుని నన్ను నవ్వించింది నా ముఖం చూడలేక కాదు. మొదటిరోజు అది నిజమే అయి ఉండొచ్చు, ఆ తర్వాత కాదు. నా ముక్కు బాగుందని నేను నమ్మితేనే నేను కొట్లో కూర్చుంటాను. నేను కూర్చుంటేనే ఆ నెయ్యి పోతుంది. నా ఆశను పెంచి పోషించి, దాన్నే గరిటెలతో కొలిచి అమ్మాడు. గొంతు కోయడమంటే ఇంకేమిటి?

ఆయన్ని అక్కడే వదిలేసి వెళ్ళి కొట్టు షట్టర్ లేపాను. నాలుగు గిన్నెలు అప్పటికే వచ్చి ఉన్నాయి. వాళ్ళలో ఆపా కూడా ఉంది. మా ఆయన సగం గీసిన గడ్డంతో వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. ఏమీ జరగనట్టు కొత్త డబ్బా మూత తీసి నా ముందు పెట్టాడు. అందరూ నా తల వైపు చూశారు.

"ఇది కొనొద్దు," అన్నాను. "ఇందుల కల్తీ ఉన్నది. నాకు వాసన రాదు. పడ్డకాడి నుంచి రాదు. ఇన్ని దినాలు వస్తున్నదని నమ్మిచ్చిన్రు, నేను నమ్మిన. మీకు పోయించింది నేనే. నా తప్పు లేకున్నా నా చేతులతోనే పోయించిన, మాఫ్ చెయ్యున్రి."

"ఆమె తల మంచిగ లేదు, నిన్ననే స్కాన్ చూపిచ్చుకొచ్చినం..." అని మా ఆయన అందుకున్నాడు. ఎంత తెలివి! నా దెబ్బను కూడా నాకు వదల్లేదు. ఇద్దరు ఏదో గొణుక్కుంటూ దిగిపోయారు. ఇంకొకామె నన్ను పైనుంచి కిందికి చూసి వెళ్ళింది. ఆపా మాత్రం నిలబడింది.

"రంజాన్ నెయ్యి ఖరాబున్నదని మా కోడలు ఆ రోజే చెప్పింది దీదీ," అంది. ఆమె నా కళ్ళలోకి చూడలేదు. "మొత్తం పారబోసినం."

"మరి నాకెందుకు చెప్పలేదు ఆపా?"

"ఎట్ల చెప్పాలె? మీరు నా ముందు చేతికి రాసుకుని, వాసన చూసి, తీస్కపో అన్నరు. మీ అంత ముక్కు ఎవరికున్నది? మీకు తెల్వకుండ ఎట్లయితదనుకున్న. దవాఖాన ఖర్చులుంటయి, మజ్బూరీల చేసి ఉంటరనుకున్న."

"నేను తెలిసే చేసిన అనుకున్నవా?"

ఆమె ఖాళీ గిన్నెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అట్లనుకుని మల్ల మల్ల ఎందుకొచ్చినవ్?"

"ఇన్నేండ్ల దోస్తీ గద దీదీ. కొంచెం కొంచెం కొంటుంటి. ఇంటికి తీస్కపోయి ఎవ్వరికీ పెట్టకపోతుంటి."

ఆ మాటకంటే తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను దొంగనుకుని, జాలిపడి, ఆ దొంగ సరుకును నా ముఖం చూసి కొన్నది. ఇన్ని నెలలూ నా ఎదురుగా కూర్చుని నవ్వుతూ మాట్లాడింది. మా ఆయన నా ముక్కును మాత్రమే అమ్మాడనుకున్నాను. నా పేరు కూడా ఎప్పుడో అమ్మేశాడు. అది అమ్ముడైనట్టు గల్లీ అంతటికీ తెలుసు, నాకు తప్ప.

లోపలికి పరుగెత్తి స్కాన్ కవరు తెచ్చాను. ఫిల్ము తీసి ఆపా చేతిలో పెట్టాను. "చూడు, ఇగో, ఈడ రెండుండాలె. నాకు లెవ్వు. తెగిపోయినయి. డాక్టరమ్మనడుగు, పోదాం పా, ఇప్పుడే పోదాం" అన్నాను. నా వేలు ఆ నల్లటి ఫిల్ము మీద ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. ఆపా దాన్ని వెలుతురుకు పట్టుకుని, చదువుతున్నట్టుగా అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. పాపం, మర్యాద గల మనిషి. నా ముక్కు పోయిందని ఆ బొమ్మలో ఉంది. పోయిన సంగతి నాకు తెలియదని ఆ బొమ్మలో ఎక్కడుంది?

"నన్ను నమ్ముతున్నవా ఆపా?"

"అల్లా! గవేం మాటలు దీదీ," అంది ఆమె. ఫిల్మును జాగ్రత్తగా కవర్లో పెట్టి నాకు ఇచ్చింది. "ఆరామ్ తీస్కోండి. తబియత్ చూస్కోండి."

ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. నమ్మినట్టా, నమ్మనట్టా అని అడగడానికి నాకు మళ్ళీ అవకాశం రాలేదు. ఇప్పుడు ఆమె నెయ్యి పత్తర్‌గట్టీలో కొంటోందట. గల్లీలో ఎదురుపడితే సలాం చెప్తుంది, ఆగదు.